ఒక నాడి, రెండు రసాయనాలు

ఏటీపీ పేరు హైస్కూలు చదువు దాటినవాళ్లందరూ విన్నదే. అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. కండరం బిగుసుకోవాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా, కణంలో ఏ పని జరగాలన్నా దానికి కావలసిన శక్తిని అందించే అణువు ఇది. దీన్ని కండరంలోంచి వేరుచేసి 1929లో లోకానికి చూపించినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఆ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఆ అణువునే పట్టుకున్నారు. కణజాలంలో భాస్వరం ఎంత ఉందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని ఫిస్క్, సుబ్బారావులు 1925లోనే తయారుచేసి పెట్టుకున్నారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరకడానికీ, ఆ తర్వాత ఏటీపీ దొరకడానికీ ఆ పద్ధతే ఆసరా.

ఇంతవరకూ మనం గర్వంగా చెప్పుకుంటూనే ఉంటాం. అయితే ఈ అణువు చేసే ఇంకో పని గురించి మన పాఠాల్లో పెద్దగా కనబడదు. నాడీకణాలు ఏటీపీని తమలోంచి బయటికి వదులుతాయి. శక్తి కోసం కాదు, పక్క కణానికి కబురు చెప్పడం కోసం. అదీ ఒంటరిగా కాదు. నార్‌ఎడ్రినలిన్, ఎసిటైల్‌కోలిన్ లాంటి వేరే కబురు రసాయనాలతో జతగా. ఒక నాడీకణం ఒకటికి రెండు రసాయనాలను ఎందుకు వదులుతుంది, రెండు వదిలితే అందుకునే కణానికి ఏం తేడా వస్తుంది అన్నది ఈనాటి మన విషయం.

ముందు, మామూలుగా జరిగేదేమిటో రెండు మాటల్లో. ఒక నాడీకణం చివరికీ, దాని కబురు అందుకునే కణానికీ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. మెదడులో ఆ ఖాళీ సుమారు 20 నానోమీటర్లు. ఆ కూడలిని సినాప్స్ అంటారు. నాడి పొడవునా వచ్చిన విద్యుత్ ప్రేరణ ఆ ఖాళీ దగ్గర ఆగిపోతుంది. అక్కడ నాడి చివరలోకి కాల్షియం చొరబడుతుంది. లోపల 40 నానోమీటర్ల వెడల్పున్న చిన్న చిన్న తిత్తులు ఎదురుచూస్తుంటాయి. కాల్షియం తగలగానే అవి నాడి పొరతో కలిసి విచ్చుకుంటాయి. వాటిలోని రసాయనం ఖాళీలోకి వచ్చి, అవతలి కణం మీదున్న గ్రాహకాలను తాకుతుంది. గ్రాహకం అంటే ఆ రసాయనాన్ని గుర్తుపట్టే ప్రొటీన్. ఇదంతా సెకనులో వెయ్యో వంతు కాలంలో అయిపోతుంది.

నాడులు రసాయనంతో మాట్లాడతాయని మొదట రుజువు చేసినవారు ఒట్టో లోవీ. 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఆయన రెండు కప్పల గుండెలు తీసుకున్నారు. మొదటి గుండెకు వచ్చే వేగస్ నాడిని ప్రేరేపిస్తే ఆ గుండె నెమ్మదించింది. దాన్ని తడిపిన ద్రవాన్ని తీసి రెండో గుండె మీద పోస్తే, ఏ నాడీ ముట్టుకోకుండానే అదీ నెమ్మదించింది. ద్రవంలో ఉన్నది ఎసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. 1936 నోబెల్ బహుమతిని లోవీ, ఇంగ్లండుకు చెందిన హెన్రీ డేల్ పంచుకున్నారు.

నాడులను అవి వదిలే రసాయనాన్ని బట్టి పిలుద్దామన్నది డేల్ ఆలోచనే. ఎసిటైల్‌కోలిన్ వదిలేవి కోలినెర్జిక్, ఎడ్రినలిన్ జాతివి వదిలేవి ఎడ్రినెర్జిక్. 1935లో అచ్చయిన ఒక ఉపన్యాసంలో డేల్ ఇంకో సూచన కూడా చేశారు. అది స్పర్శ, నొప్పి తెలిపే జ్ఞాననాడుల గురించి. ఆ నాడికి రెండు కొసలుంటాయి. ఒకటి చర్మంలో, ఒకటి వెన్నుపాములో. మిరపకాయలు తరిగినప్పుడు వేళ్లు మండటమే కాదు, ఆ చోట చర్మం ఎర్రబడుతుంది కదా. మండే కబురు వెన్నుపాముకు వెళుతుండగానే, అదే నాడి చర్మంలోని కొస దగ్గర కూడా రసాయనాలు వదిలి అక్కడి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. అందుకే ఆ ఎరుపు. చర్మం దగ్గర వదిలే రసాయనం ఏమిటో తెలిస్తే, వెన్నుపాములో వదిలేది ఏమిటో ఊహించడానికి దారి దొరుకుతుందని డేల్ అన్నారు. ఒకే కణానికి చెందిన రెండు కొసల్లో ఒకే రసాయనం ఉండటం సహజమని ఆయన ఆలోచన. అంతే, అంతకుమించి ఆయన అనలేదు.

1954లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో జాన్ ఎకిల్స్ బృందం ఈ సూచనకు రుజువు చూపించింది. వెన్నుపాములోంచి బయల్దేరి కండరానికి వెళ్లే చాలక నాడీకణం, కండరం దగ్గర ఎసిటైల్‌కోలిన్ వదులుతుంది. దాని కొమ్మ ఒకటి వెన్నుపాములోనే వెనక్కి తిరిగి రెన్‌షా కణం అనే చిన్న కణాన్ని చేరుతుంది. అక్కడ కూడా ఎసిటైల్‌కోలినే పనిచేస్తోందని ఎకిల్స్ చూపించి, దానికి డేల్ సూత్రం అని పేరు పెట్టారు. అన్ని కొమ్మల చివరా ఒకే రకం సరుకు అన్నది సూత్రం. అది చేతులు మారుతూ, తరగతి గదుల్లోకి వచ్చేసరికి "ఒక నాడీకణానికి ఒకే రసాయనం" అయి కూర్చుంది. డేల్ అనని మాట డేల్ పేరుతో ఇరవై ఏళ్లకు పైగా చెల్లింది.

ఆ మాట అంత గట్టిగా ఎందుకు నిలబడిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఒక్కో కణానికి ఒక్కో పేరు, ఒక్కో పేరుకు ఒక్కో మందు. నాడీవ్యవస్థ బొమ్మ వేసి రంగులు అద్దడానికి ఎంతో వీలు. నార్‌ఎడ్రినలిన్ నాడికి ఒక రంగు, ఎసిటైల్‌కోలిన్ నాడికి ఒక రంగు. మందుల పరిశోధన కూడా ఆ బొమ్మను నమ్ముకునే చాలాకాలం నడిచింది. కొన్ని ప్రయోగాలు ఈ బొమ్మలో ఇమడడం లేదని అప్పటికే తెలుసు. ఎసిటైల్‌కోలిన్‌ని అడ్డుకునే అట్రోపిన్ ఇచ్చినా, చాలా జంతువుల్లో మూత్రాశయం ముడుచుకోవడం పూర్తిగా ఆగదని 19వ శతాబ్దం చివర్లోనే చూశారు. చూసి, పక్కన పెట్టారు.

పక్కన పెట్టని మనిషి జెఫ్రీ బర్న్‌స్టాక్. లండన్‌లో పుట్టారు. ఏటీపీ దొరికిన 1929లోనే. మెల్బోర్న్‌లో పనిచేస్తున్న రోజుల్లో ఆయనా, ఆయన సహచరులూ గినీపిగ్ పెద్దపేగు గోడలోని కండరపు పట్టీని తీసుకుని, ఎసిటైల్‌కోలిన్‌నీ, నార్‌ఎడ్రినలిన్‌నీ రెంటినీ మందులతో అడ్డుకుని, నాడులను ప్రేరేపించారు. అప్పటి పాఠం ప్రకారం ఏమీ జరగకూడదు. కానీ కండరం సడలింది. అంటే ఆ రెండూ కాని మూడో రసాయనం ఏదో ఉంది. ఒక్కొక్కటే పరీక్షించుకుంటూ వెళ్లి, 1970లో అది ఏటీపీ గానీ దానికి దగ్గరి చుట్టం గానీ అయి ఉంటుందని ప్రకటించారు. 1972లో అలాంటి నాడులకు ప్యూరినెర్జిక్ నాడులని పేరు పెట్టారు.

ఈ మాటకు చాలామంది పెదవి విరిచారు. వాళ్ల సందేహంలో న్యాయం లేకపోలేదు. ఏటీపీ ప్రతి కణంలోనూ ఉంటుంది. కణం బతకడానికి అంత ముఖ్యమైన అణువును ఏ కణమైనా బయట పారబోస్తుందా? పైగా ఏ కణజాలాన్ని నలిపినా ఏటీపీ బయటికి వస్తుంది, దాన్ని చూసి నాడి వదిలిందనుకుంటే ఎలా? కానీ దారిలో ఒక పాత సాక్ష్యం ఉంది. 1959లోనే పమేలా హోల్టన్ అనే శాస్త్రవేత్త కుందేలు చెవికి వెళ్లే జ్ఞాననాడిని ప్రేరేపించి, అక్కడ ఏటీపీ బయటపడుతోందని కొలిచి చూపించారు. డేల్ మాట్లాడింది సరిగ్గా ఆ రకం నాడి గురించే. 1976లో బర్న్‌స్టాక్ ఒక వ్యాసం రాశారు. దాని శీర్షికే ఒక ప్రశ్న. కొన్ని నాడీకణాలు ఒకటికి మించిన రసాయనాలను వదులుతాయా అని. తన దగ్గరున్న ఆధారాలు, ఇతరులు వదిలేసిన ఆధారాలు అన్నీ పేర్చి, అవుననడానికే ఎక్కువ అవకాశం ఉందని ఆయన వాదించారు.

ఇప్పుడు ఒక ప్రయోగాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. గినీపిగ్ శుక్రవాహిక అనే సన్నని కండర గొట్టం. దాన్ని వెచ్చని ఉప్పునీటి ద్రావణంలో నిలువుగా వేలాడదీస్తారు. ద్రావణంలోకి ఆక్సిజన్ బుడగలు వస్తూ ఉంటాయి. పైకొసకు దారం కట్టి, కండరం ఎంత బలంగా లాగుతోందో కొలిచే పరికరానికి తగిలిస్తారు. నాడులకు కొన్ని సెకన్లపాటు విద్యుత్ ప్రేరణలు ఇస్తారు. కాగితం మీద గీత ఎలా వస్తుందంటే, ముందు చటుక్కున ఒక పదునైన శిఖరం. అది దిగుతుండగానే మెల్లగా ఎక్కి, ప్రేరణ ఉన్నంతసేపూ నిలబడే రెండో గుట్ట. ఒకే నాడి, ఒకే ప్రేరణ, రెండు రకాల బిగింపులు.

ఇప్పుడు ద్రావణంలో ప్రాజోసిన్ కలుపుతారు. రక్తపోటుకు వాడే మందు. నార్‌ఎడ్రినలిన్ పట్టుకునే గ్రాహకాన్ని మూసేస్తుంది. రెండో గుట్ట కూలిపోతుంది, మొదటి శిఖరం మాత్రం చెక్కుచెదరదు. కడిగి మళ్లీ మొదలుపెట్టి, ఈసారి ఏటీపీ గ్రాహకాన్ని మొద్దుబార్చే రసాయనం కలుపుతారు. శిఖరం మాయం, గుట్ట అలాగే ఉంటుంది. రెండూ కలిపితే గీత దాదాపు చదునైపోతుంది. చటుక్కున బిగించేది ఏటీపీ, పట్టి ఉంచేది నార్‌ఎడ్రినలిన్. నాకు ఈ ప్రయోగమంటే ప్రత్యేకమైన ఇష్టం. వాదనలతో పని లేకుండా, ఒక కాగితం మీద రెండు రసాయనాలూ తమ తమ సంతకాలు పెట్టి వెళతాయి.

దీని వెనక ఒక ముచ్చట ఉంది. ఈ శుక్రవాహిక కండర కణాల్లో, నాడి ప్రేరేపించినప్పుడు వచ్చే చిన్న విద్యుత్ మార్పులను మొదట నమోదుచేసింది స్వయంగా బర్న్‌స్టాకే. మోలీ హోల్మన్‌తో కలిసి, 1960 ప్రాంతంలో. అవి నార్‌ఎడ్రినలిన్ వల్లనే అని అప్పుడు అందరూ అనుకున్నారు. అయితే నార్‌ఎడ్రినలిన్‌ని అడ్డుకునే మందులకు అవి లొంగలేదు. ఎందుకు లొంగలేదో తేలడానికి ఇరవై ఏళ్లు పట్టింది. అవి ఏటీపీ చేసిన పని.

ఏటీపీ అనే ఈ రెండో రసాయనం అలంకారం కోసం ఉన్నది కాదని 2000లో ఎలుకలు తేల్చాయి. శుక్రవాహికలో ఏటీపీని అందుకునే పీ-2-ఎక్స్-1 అనే గ్రాహకం లేకుండా ఎలుకలను పెంచారు. మగ ఎలుకల్లో సంతాన సామర్థ్యం సుమారు 90 శాతం పడిపోయింది. వాటి వీర్యకణాలకు ఏ లోపమూ లేదు. నార్‌ఎడ్రినలిన్ వస్తూనే ఉంది. చటుక్కున బిగించే ఆ మొదటి బిగింపు లేకపోవడంతో వీర్యకణాలు బయటికి చేరలేదు.

ఏటీపీ కథ గ్రాహకాన్ని తాకడంతో ముగియదు. బయటికి వచ్చిన ఏటీపీని అక్కడి ఎంజైములు ముక్కలు చేస్తాయి. చివరికి మిగిలేది అడినోసిన్. ఈ అడినోసిన్ వెనక్కి వెళ్లి, ఏటీపీని వదిలిన నాడి చివర మీదే ఉన్న గ్రాహకాలను తాకి, ఇక వదలడం తగ్గించమని చెబుతుంది. అప్పుడు నార్‌ఎడ్రినలిన్ విడుదల కూడా తగ్గుతుంది. రెండో రసాయనం విరిగిపోయాక కూడా మొదటి రసాయనం మోతాదును శాసిస్తోందన్నమాట.

ఇక మూత్రాశయం దగ్గరికి వద్దాం. ఇది చాలా ఇళ్లలో పెద్దవాళ్లు బయటికి చెప్పుకోలేక బాధపడే విషయం. మూత్రాశయాన్ని ముడిచే నాడులు ఎసిటైల్‌కోలిన్, ఏటీపీ రెండూ వదులుతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ముడిచే పని దాదాపు అంతా ఎసిటైల్‌కోలిన్‌దే. వయసు మీదపడినప్పుడు, ప్రొస్టేట్ పెరిగి దారికి అడ్డుపడినప్పుడు, కొన్ని రకాల మూత్రాశయ వాపుల్లో ఏటీపీ వాటా పెరుగుతుంది. మాటిమాటికీ మూత్రం వస్తోందన్న రోగికి డాక్టర్లు సాధారణంగా రాసే ఆక్సీబ్యుటినిన్ లాంటి మాత్రలు ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాన్నే మూస్తాయి. ఏటీపీ దారి తెరిచే ఉంటుంది. మాత్రలు కొందరికి సరిపోకపోవడానికి ఇదొక కారణమని పరిశోధకులు చెబుతారు. మాత్రలు పనిచేయనివారికి మూత్రాశయం గోడలో బొట్యులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అది ఏ గ్రాహకాన్నీ ముట్టుకోదు. నాడి చివర తిత్తులు విచ్చుకోవడాన్నే ఆపుతుంది. తిత్తి విచ్చుకోకపోతే ఎసిటైల్‌కోలినూ రాదు, ఏటీపీ కూడా రాదు.

ఆ మాత్రలు వేసుకున్నవాళ్లకు నోరు ఎండిపోతుంది. లాలాజలం ఊరించే కబురు కూడా ఎసిటైల్‌కోలిన్‌దే కాబట్టి. ఈ లాలాజల గ్రంథి దగ్గర నూరేళ్లు నలిగిన ఒక చిక్కుప్రశ్న ఉంది. 1872లో హైడెన్‌హైన్ అనే జర్మన్ శరీరశాస్త్రవేత్త, దవడ కింది గ్రంథికి వెళ్లే నాడిని ప్రేరేపించారు. లాలాజలం ఊరింది, గ్రంథిలోకి రక్త ప్రవాహమూ పెరిగింది. అట్రోపిన్ ఇస్తే లాలాజలం ఆగిపోయింది. రక్త ప్రవాహం మాత్రం పెరుగుతూనే ఉంది. ఒకే నాడి చేయించే రెండు పనుల్లో ఒకటి ఆగి, ఒకటి ఆగకపోవడమేమిటి?

జవాబు స్వీడన్‌లో దొరికింది. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో టోమాస్ హోక్‌ఫెల్ట్ 1977లో, నార్‌ఎడ్రినలిన్ ఉన్న నాడీకణాల్లోనే సొమాటోస్టాటిన్ అనే పెప్టైడ్ కూడా ఉందని చూపించారు. పెప్టైడ్ అంటే కొన్ని అమైనో ఆమ్లాలు వరసగా చేరిన చిన్న గొలుసు. ఆ తర్వాత అక్కడివారే యాన్ లుండ్‌బర్గ్, పిల్లుల లాలాజల గ్రంథికి వెళ్లే నాడుల్లో ఎసిటైల్‌కోలిన్‌తో పాటు వీఐపీ అనే పెప్టైడ్ ఉందని తేల్చారు. నాడి నెమ్మదిగా, సెకనుకు ఒకటి రెండు ప్రేరణల చొప్పున పంపితే ముఖ్యంగా ఎసిటైల్‌కోలిన్ వస్తుంది, లాలాజలం ఊరుతుంది. నాడి జోరందుకుంటే వీఐపీ కూడా బయటికి వచ్చి రక్తనాళాలను బాగా తెరుస్తుంది. గ్రంథి ఎక్కువ పనిచేయాలంటే ఎక్కువ రక్తం కావాలి. ఆ రెండు కబుర్లూ ఒకే నాడి తన వేగాన్ని బట్టి పంపుతోంది. అట్రోపిన్ మూసింది ఎసిటైల్‌కోలిన్ దారినే.

వేగాన్ని బట్టి రసాయనం మారడం ఎలా కుదురుతుంది? నాడి చివర లోపలి అమరికలోనే ఉంది కిటుకు. ఎసిటైల్‌కోలిన్ లాంటి చిన్న అణువులు చిన్న తిత్తుల్లో ఉంటాయి. ఆ తిత్తులు కాల్షియం ద్వారాల పక్కనే సిద్ధంగా ఉంటాయి. ఒక్క ప్రేరణ వచ్చి, ద్వారం దగ్గర కాస్త కాల్షియం లోపలికి వచ్చినా చాలు, అవి విచ్చుకుంటాయి. పెప్టైడులు ఉండేది పెద్ద తిత్తుల్లో. అవి ద్వారానికి దూరంగా ఉంటాయి. వరసగా ప్రేరణలు వచ్చి, నాడి చివరంతా కాల్షియం పెరిగితేనే వాటికి కదలిక వస్తుంది. ఇంకో తేడా కూడా ఉంది. ఎసిటైల్‌కోలిన్‌ని నాడి చివరే మళ్లీ తయారుచేసుకోగలదు. పెప్టైడును అలా చేసుకోలేదు. అది కణం మధ్యభాగంలో తయారై, నాడి పొడవునా ప్రయాణం చేసి రావాలి. ఒకసారి ఖర్చయితే కొత్తది రావడానికి సమయం పడుతుంది. అందుకే నాడి దాన్ని ఊరికే వదలదు.

దూరం సంగతి బాగా తెలిసింది బుల్‌ఫ్రాగ్ అనే పెద్ద కప్ప దగ్గర. దాని వెన్నెముక పక్కన ఉండే నాడీ ముడిలో రెండు రకాల కణాలున్నాయి. వాటికి బీ కణాలు, సీ కణాలు అని పేర్లు. 1979లో యూ నంగ్ జాన్, లిలీ జాన్, స్టీఫెన్ కఫ్లర్ ఒక సంగతి బయటపెట్టారు. సీ కణాలను చేరే నాడులు ఎసిటైల్‌కోలిన్‌తో పాటు, పునరుత్పత్తి హార్మోన్లను నడిపించే ఎల్‌హెచ్‌ఆర్‌హెచ్ లాంటి పెప్టైడును కూడా వదులుతాయి. ఎసిటైల్‌కోలిన్ ప్రభావం సెకనులో చిన్న భాగం మాత్రమే. పెప్టైడు ప్రభావం కొన్ని నిమిషాలు ఉంటుంది. ఇంతకంటే ఆశ్చర్యం ఏమిటంటే, ఆ నాడులు బీ కణాలను తాకనే తాకవు. అయినా బీ కణాల్లో కూడా నెమ్మదైన ఆ స్పందన వస్తుంది. పప్పు ఎవరి కంచంలో వడ్డిస్తే వాళ్లకే అందుతుంది, ఇంగువ పోపు వాసన మాత్రం వీధి గుమ్మం దాకా వెళుతుంది. ఎసిటైల్‌కోలిన్ ఎదురుగా ఉన్న కణానికి అంది, అక్కడే ఎంజైము చేతిలో విరిగిపోతుంది. పెప్టైడును అంత త్వరగా విరగ్గొట్టేవాళ్లు లేరు. అది పక్క కణాల దాకా పాకుతుంది.

ఈ సంగతి మెదడు గురించి మనకున్న ఊహను మార్చాలని నా అభిప్రాయం. ఏ నాడి ఏ నాడితో కలుస్తుందో పూర్తి పటం గీయాలని ఈ కాలంలో పెద్ద పెద్ద ప్రయత్నాలు జరుగుతున్నాయి. చాలా విలువైన పని. కానీ బుల్‌ఫ్రాగ్ నాడీ ముడికి అలాంటి పటం గీస్తే, ఆ నాడికీ బీ కణానికీ మధ్య గీత ఉండదు. కబురు మాత్రం వెళుతూనే ఉంటుంది.

మన ఆకలికీ ఇలాంటి జతే ఉంది. మెదడు అడుగున హైపోథాలమస్‌లో, ఉపవాసం ఉన్నప్పుడు జోరందుకునే ఒక కణాల గుంపు ఉంది. ఆ కణాలు గాబా అనే చిన్న అణువునీ, ఎన్‌పీవై, ఏజీఆర్‌పీ అనే రెండు పెప్టైడులనూ వదులుతాయి. 2013లో ఎలుకల మీద ఒక్కొక్కదాన్నీ విడదీసి చూశారు. నిమిషాల్లో తిండి వైపు పరిగెత్తించేవి గాబా, ఎన్‌పీవై. ఏజీఆర్‌పీ పని ఆలస్యంగా మొదలై, చాలాసేపు నిలుస్తుంది. ఇప్పటి ఆకలి ఒకటి, తర్వాత కూడా వదలని ఆకలి ఒకటి. రెండూ ఒకే కణం పంపినవే.

ఎకిల్స్ తన సూత్రాన్ని నిలబెట్టుకున్న చాలక నాడీకణాన్ని కూడా మళ్లీ పరీక్షించక తప్పలేదు. 2005లో రెండు బృందాలు విడివిడిగా ఎలుక వెన్నుపాములో చూసినదేమిటంటే, ఆ నాడీకణం రెన్‌షా కణం దగ్గర ఎసిటైల్‌కోలిన్‌తో పాటు గ్లూటమేట్ లాంటి ఉత్తేజక అమైనో ఆమ్లాన్ని కూడా వదులుతోంది. కండరాన్ని నడిపించేది మాత్రం ఎసిటైల్‌కోలినే. ఒకే కణం, ఒక కొమ్మ చివర ఒక తీరు, ఇంకో కొమ్మ చివర ఇంకో తీరు. డేల్ సూత్రానికి మొదటి ఉదాహరణే దానికి మినహాయింపుగా తేలింది. ఎకిల్స్ పనిని ఇది చిన్నబుచ్చదు. ఆయన కొలిచిన ఎసిటైల్‌కోలిన్ అక్కడ ఉన్నదే. పక్కన ఉన్న రెండోదాన్ని చూసే సాధనాలు ఆ రోజుల్లో లేవు.

ఇప్పటిదాకా చెప్పుకున్న జతలన్నీ ఒకదానికొకటి సాయపడేవే. ఒకటి త్వరగా, ఒకటి నెమ్మదిగా. ఒకటి దగ్గర, ఒకటి దూరం. ఒకే నాడి చివర ఒకటి ఉత్తేజపరిచేదీ, ఇంకొకటి అణిచేదీ వదిలితే? ఇది నిజంగానే జరుగుతోంది. మెదడు మధ్యలో హేబెన్యులా అనే చిన్న భాగం ఉంది. ఆశించిన ప్రతిఫలం అందనప్పుడు, నిరాశ కలిగినప్పుడు దాని పార్శ్వ భాగంలోని కణాలు చురుకవుతాయి. దానికి వచ్చే కొన్ని నాడులు ఉత్తేజపరిచే గ్లూటమేట్‌నీ, అణిచే గాబానీ రెంటినీ వదులుతాయని 2014లో అమెరికాలోని శాన్‌డియాగోలో రాబర్టో మలినో బృందం చూపించింది. 2022లో హార్వర్డ్‌లో బెర్నార్డో సాబటీనీ బృందం ఇంకా లోపలికి వెళ్లింది. ఆ రెండూ వేర్వేరు తిత్తుల్లో కాదు, ఒకే తిత్తిలో కలిసి ఉంటున్నాయని తేల్చింది.

మొదట వినగానే ఇది అర్థంలేని ఏర్పాటులా అనిపిస్తుంది. ఎక్కించేదీ దించేదీ ఒకే తిత్తిలో వస్తే చివరికి మిగిలేదేమిటి? మిగిలేది పాళ్లు. గ్లూటమేట్ కాస్త ఎక్కువైతే హేబెన్యులా రెచ్చిపోతుంది, గాబా కాస్త ఎక్కువైతే శాంతిస్తుంది. ఒక్క గ్లూటమేట్ మాత్రమే ఉంటే నాడి చేయగలిగింది ఎక్కువ తక్కువలు మాత్రమే. రెండూ ఉంటే, పాళ్లు మార్చి కబురు దిశనే తిప్పగలదు.

మలినో బృందం ఈ పాళ్లనే కొలిచింది. కుంగుబాటు లక్షణాలున్న ఎలుకల్లో ఆ నాడుల గాబా వాటా తగ్గి ఉంది. అంటే అదే నిరాశ కబురు, అణిచేది తగ్గి, పెద్దగా వినబడుతోంది. సిటలోప్రామ్ అనే కుంగుబాటు మందును కొన్నాళ్లపాటు ఇచ్చిన ఎలుకల్లో గాబా వాటా పెరిగింది. ఆ మందు మన దగ్గర కూడా డాక్టర్లు రాసేదే. అది గాబా మీద పనిచేసే మందు కాదు, సెరటోనిన్ అనే మరో కబురు రసాయనం మీద పనిచేసేది. అయినా దాని ప్రభావం తిరిగి తిరిగి ఈ తిత్తిలోని పాళ్ల దాకా వచ్చింది. కుంగుబాటు మందులు వేసుకోగానే గుణం కనబడక, వారాలు పట్టడం ఇళ్లలో అందరూ చూసేదే. పని చేయడం లేదని మధ్యలో మానేసేవాళ్లు చాలామంది. మందు అందిన రోజునే సెరటోనిన్ మారుతుంది. ఇలాంటి నాడుల చివర ఏ రసాయనం ఎంత నిండాలన్న లెక్క మారడానికి మాత్రం రోజులు పట్టవచ్చు. డాక్టరును అడగకుండా ఆ మందులు ఆపవద్దు.